జీపుబండికి చక్రములు

బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట మీలో చాలమంది కన్నులార చూచినవారే. కమ్మరి పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగా చేయును. పిడకలమంటలో ఎఱ్ఱగా కాల్చును. అది సాగగానే కఱ్ఱమీదికి దించి నీళ్లు చల్లును. పట్టా చల్లారి బిగిసి, చక్రమంతయు ఒక్కటిగా కూడుకొనును. రేగడిలో తిరుగు బండికిని రాతిబాటను తిరుగు బండికిని ఒకే చక్రము పనికిరాదని మా ఊరి ముసలి కమ్మరి చెప్పుచుండెడివాడు. ఆ మాట నాకు నిరుడు హైదరాబాదు మాదాపూరులో జ్ఞప్తికి వచ్చినది.

నా మేనల్లునికి అచ్చట కంప్యూటరు కొలువు. వాడు 2016వ సంవత్సరపు థార్ జీపునొకదానిని పాతబండ్ల వర్తకునియొద్ద కొనెను. "నాలుగు చక్రములును లాగెడి బండి, మామయ్యా! దీనికి లావుపాటి బురదటైర్లు వేయించి, బండిని రెండంగుళములు పైకెత్తించి, ముందువైపున ఇనుపకమ్మీలు బిగింపించెదను" అనెను. "కొంచెమాగు నాయనా" అని నేను పాతకథ ఎత్తుకొంటిని. పంతులకు అది అలవాటు గదా!

రబ్బరును గంధకముతో చేర్చి కాచినచో అది ఎండకు కరగక చలికి పెళుసెక్కక నిలుచునని అమెరికాలో చార్లెస్ గుడియర్ 1839లో కనుగొనెను. గాలి నింపిన చక్రమునకు 1845లో థామ్సన్ అను స్కాట్లండువాడు హక్కుపత్రము పొందెను గాని, లోకము దానిని మఱచిపోయినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై మరల దానిని కల్పించెను. మన టైరుబండ్ల ఎడ్లకు మెడబరువు తగ్గినది ఆ పశువైద్యుని వలననే యనుకొన్నచో నాకు ముచ్చటగా నుండును. ఇటీవలి టైర్లపై కనబడు 'ఆర్' అను అక్షరము, ఫ్రాన్సులో మిషెలిన్ వారు 1946లో కల్పించిన అల్లికకు గుర్తు. ఆ యేడే మద్రాసులో ఆటబుడగలు చేయుటతో మొదలిడిన ఎం.ఆర్.ఎఫ్. వారు, తరువాత మన సదాశివపేటలోనే టైర్ల కర్మాగారము నెలకొల్పిరి.

ఇక జీపు. అది 1941లో యుద్ధమునకై పుట్టినది. విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధకాలమున ఆరులక్షలకు పైగా జీపులను చేసినవి. 1945లో మహీంద్రా సోదరులును గులాం మహమ్మదుగారును కలిసి కంపెనీ పెట్టిరి. దేశవిభజనమైన పిమ్మట గులాం మహమ్మదుగారు పాకిస్తానునకు తొలి ఆర్థికమంత్రియై పోగా, 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయినది. విల్లీస్ జీపులను ఇచ్చట కూర్చినవారు వారే. మావాని థార్ ఆ వంశములోనిదే. అయితే ఆఫ్రికా ఇసుకలోను ఐరోపా బురదలోను తిరిగిన ఆ యుద్ధపు జీపు టైరు వెడల్పెంతయో తెలియునా? ఆరంగుళములు! మావాడు ఈ మాటకు నమ్మలేక నవ్వెను.

వాడు తిరుగు నేల యెట్టిది? మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు ఒకప్పుడు బండరాళ్ల రాజ్యములు. ఆ శిల వయస్సు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులందురు. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్సును ప్రారంభించిరి. పిమ్మట బండలు పగిలినవి, నేల చదునైనది. మిగిలిన శిలలనైన కాపాడుటకై 1996లోనే నగరమున ఒక సంఘము వెలసియుండెను. బండలు తొలగినచోట జీతము దొరకిన కుఱ్ఱవారు సెలవునాడు బండలను వెదకికొనుచు అనంతగిరికి పోవుచున్నారు! నేను తప్పుపట్టను. నాకును కొండలన్న ఇష్టమే.

కాని వారములో ఆరుదినములు తారురోడ్డుపై పోవు బండికి బురదటైరు తగదు. దాని మెట్టలు దూరదూరముగా నుండి, తడిసిన తారుపై పట్టు తగ్గును. మ్రోతయు ఎక్కువ, డీజిలును ఎక్కువ. రోడ్డునకును మట్టికిని మధ్యరకపు టైరు చాలును. కొలత మార్చుటయు మేలుకాదు. వాని టైరు 235/70 ఆర్ 16. ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. వాడు కోరిన 245/75 ఆర్ 16 ఎత్తు 774. అప్పుడు ముల్లు 80 చూపునపుడు బండి 84 పోవుచుండును.

ఈ అంకెలు చదువుచు టైరు ప్రక్కనున్న నాలుగంకెలను చూచితిని: 4613. అనగా 2013లో 46వ వారమున చేసినది. బండికంటె టైరునకే వయస్సెక్కువ! వర్తకుడు ఏ పాతటైర్లనో తొడిగి, నల్లని మెఱుగు పూసియుండెను. గాళ్లు లోతుగానే యున్నవి గాని, వాని నడుమ ఎండాకాలపు చెఱువువలె బీటలు. అంతకు పదిదినములముందే మా చెల్లెలిని, ఇద్దరు పసివాండ్రను ఎక్కించుకొని వాడు బాహ్యవలయ రహదారిపై నూరు వేగమున వచ్చియుండెను. వాని ముఖము వెలవెలబోయినది. నాకును నోట మాట రాలేదు.

బండిని పైకెత్తించుట సంగతి గడ్డిబండి తోలిన మీకు చెప్పనేల? మోపు ఎత్తైనకొలది చెఱువుకట్ట మలుపులో గుండె దడదడలాడును. ముందరి ఇనుపకమ్మీలు పాదచారులకు ప్రాణాంతకములనియు, లోపలి గాలిసంచులకు అడ్డమనియు కేంద్రప్రభుత్వము 2017లో నిషేధించినది. నమోదుపత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను చెప్పును; 2019 జనవరిలో సుప్రీముకోర్టును దానినే స్థిరపఱచినది.

మావాడు తుదకు అయిదు మధ్యరకపు టైర్లను పాతకొలతనే కొనెను. దానితో గాలిపంపు, గాలికొలత సాధనము, గట్టి తాడు. మెత్తనినేలలో గాలి కొంత తీసివేసినచో టైరు నేలపై ఎక్కువ మేర పఱచుకొనును. రోడ్డెక్కగానే మరల నింపవలెను.

దసరాకు మా ఊరు వచ్చెను. ముందురాత్రి వాన. మా ఇంటివెనుక రేగడిసందులో జీపు ఇరుసుదాక దిగబడినది. గాలి తీసినను కదలలేదు. పొరుగువారి ఎడ్లజత వచ్చి లాగినది. తాడు మాత్రము మేనల్లునిదే.