డిస్కం ఉద్యోగమా, కాంట్రాక్టర్ కింద పనా? స్తంభం ఎక్కే ముందు తెలుసుకోవాల్సినవి

ఊళ్లో ఫ్యూజు పోతే ఫోన్ వెళ్లేది లైన్‌మన్‌కి. చాలా చోట్ల స్తంభం ఎక్కేది మాత్రం ఆయన వెంట తిరిగే కుర్రాడు. అతని పేరు డిస్కం రిజిస్టర్‌లో ఉండదు, కాంట్రాక్టర్ మస్టర్‌లోనూ ఉండదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడ్ చదివి బయటికొచ్చిన మన వాడల పిల్లలకు తరచూ వినపడే సలహా ఒకటుంది: 'ముందు ఎవరో ఒకరి కింద చేరు, తర్వాత పర్మనెంట్ చేస్తారులే.' ఆ మాటను నమ్మే ముందు ఎవరి కింద చేరుతున్నామో తేల్చుకోవాలి.

1999లో ఏపీఎస్ఈబీని విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కోలు చేశారు. 2000లో పంపిణీ పని డిస్కంలకు వెళ్లింది. ఆ తర్వాత సబ్‌స్టేషన్ షిఫ్టులు, లైన్ల నిర్వహణ, కొత్త లైన్ల పనుల్లో చాలా భాగం కాంట్రాక్టర్ల చేతికి పోయింది. రిజర్వేషన్ రోస్టర్ వర్తించేది రెగ్యులర్ పోస్టులకే. కాంట్రాక్టర్ మనిషిని పెట్టుకునేటప్పుడు రోస్టర్ పాయింటు ఉండదు, మెరిట్ జాబితా ఉండదు, ఎవరి సిఫారసు ఉంటే వాళ్లే. కాబట్టి ఔట్‌సోర్సింగ్‌ను ఒక్క జీతాల గొడవగానే చూడకూడదు.

రెగ్యులర్ దారి జూనియర్ లైన్‌మన్ పోస్టు. పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ అడుగుతారు. రాత పరీక్ష, స్తంభం ఎక్కే పరీక్ష ఉంటాయి. వయసులో ఎస్సీ, ఎస్టీలకు సాధారణంగా 5 ఏళ్ల సడలింపు ఇస్తారు. తెలంగాణలో ఈ పోస్టుకు మగవాళ్లే అర్హులని ఇచ్చిన నోటిఫికేషన్‌పై మహిళలు హైకోర్టుకు వెళ్లి, 2020 డిసెంబరులో స్తంభం ఎక్కి చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 నియామకాలు జరిగాయి. ప్రొబేషన్ రెండేళ్లూ నెలకు 15,000 రూపాయలే అన్నారు.

ఈ దారిలో అసలు కష్టం ఎదురుచూపు. తెలంగాణ దక్షిణ డిస్కం 2022లో 1,000 పోస్టులకు పరీక్ష పెట్టి, అక్రమాలు బయటపడ్డాక ఆ నోటిఫికేషన్‌నే రద్దు చేసింది. 2023లో 1,553 పోస్టులకు మళ్లీ మొదలుపెట్టింది. ఈలోపు ఇల్లు గడవాలి కదా. భూమి లేని ఇంట్లో పుట్టినవాడికి 'ఆగి చదువుకో' అని చెప్పడం తేలిక.

మధ్యలో ఇంకో మెట్టుంది. తెలంగాణ విద్యుత్ సంస్థలు 2017లో 23 వేల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్లుగా తీసుకున్నాయి. దళారి పోయాడు, జీతం నేరుగా సంస్థ నుంచే వస్తోంది. అయినా వాళ్లకు వర్తించేది స్టాండింగ్ ఆర్డర్లు, రెగ్యులర్ ఉద్యోగుల సర్వీసు రూల్స్ కాదు. అందుకే 2023 ఏప్రిల్‌లో సమ్మెకు దిగారు. జూనియర్ లైన్‌మన్ పరీక్షలో వారి సర్వీసుకు 20 మార్కుల వరకు వెయిటేజీ ఇచ్చారు. కాంట్రాక్టర్ కింద చేరితే ఏదో ఒకరోజు ఇలా లోపలికి తీసుకుంటారన్న ఆశ పూర్తిగా గాలిలోది కాదు. అయితే అది సంఘం పెట్టి కొట్లాడి తెచ్చుకున్నది, హక్కుగా వచ్చింది కాదు. కాంట్రాక్ట్ విధానాన్ని రద్దు చేసినంత మాత్రాన కార్మికులు ఆటోమేటిక్‌గా సంస్థ ఉద్యోగులు కారని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. కాంట్రాక్టే బూటకమని పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందు రుజువు చేస్తే వేరే సంగతి. 2006 ఉమాదేవి తీర్పు తర్వాత క్రమబద్ధీకరణ దారి ఇంకా ఇరుకైంది.

బూటకమని రుజువు చేయాలంటే కాగితం కావాలి. హాజరు ఎవరు వేస్తున్నారు, పని ఎవరు చెబుతున్నారు, సెలవు ఎవరు ఇస్తున్నారు అన్నవే అక్కడ ప్రశ్నలు. ఏఈ పంపిన వాట్సాప్ మెసేజ్, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో మీ సంతకం ఉన్న పేజీ ఫొటో, గేట్ పాస్, బ్యాంకులో పడిన జీతం వివరాలు మొదటి రోజు నుంచీ దాచుకోండి. చేతికి నగదు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. పీఎఫ్ యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని, పాస్‌బుక్‌లో నెలనెలా జమ పడుతోందో లేదో మీరే చూసుకోండి. జీతం 21,000 రూపాయల లోపు అయితే ఈఎస్ఐ కార్డు అడగాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమాని అయిన డిస్కంది. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉన్న ఈ సూత్రం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఉంది. కానీ కాంట్రాక్ట్ కార్మికుల నిబంధనలు వర్తించే పరిమితిని 20 మంది నుంచి 50కి పెంచారు. 49 మందితో పని లాగించే కాంట్రాక్టర్లకు ఇదొక సందు.

ఇక ప్రాణం సంగతి. 11 కేవీ లైను మీద పని అంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి, ఏబీ స్విచ్ తెరవాలి, లైనులో కరెంటు లేదని పరీక్షించాలి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. ఆ తర్వాతే ఎక్కాలి. ఫోన్‌లో 'ఆఫ్ చేశాం, ఎక్కు' అంటే అది లైన్ క్లియర్ కాదు. ఎవరి ఇంట్లోనో ఇన్వర్టరో జనరేటరో తిరగబడి కరెంటు వచ్చినా, రెండో ఫీడర్ నుంచి వచ్చినా, కాపాడేది ఎర్త్ రాడ్డే. లైన్ క్లియర్ రాసేది అధికారం ఉన్న ఉద్యోగి పేరు మీద. ఏ రికార్డులోనూ లేని ప్రైవేట్ హెల్పర్ చనిపోతే 'మేం ఎక్కమనలేదు' అనడం తేలిక. ఈ పనికి రోజు కూలి ఎంతిచ్చినా వెళ్లొద్దనే మేం చెబుతాం. కాంట్రాక్టర్ కింద, పేరు మస్టర్‌లో ఉండి, పీఎఫ్ కడుతూ పనిచేయడం వేరు. ఇది వేరు.

ప్రమాదం జరిగితే మొదటి రోజే చేయాల్సిన పనులున్నాయి. ఎఫ్ఐఆర్‌లో ఎవరు పిలిచారు, ఎవరు ఎక్కమన్నారు, ఏ ఫీడర్, ఎన్ని గంటలకు అన్నవి రాయించాలి. పిలిచిన ఫోన్‌లోని కాల్ లిస్టు పోకుండా చూడాలి. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌తో విచారణ జరిపించమని అడిగి, నివేదిక కాపీ సమాచార హక్కు కింద తీసుకోవాలి. నష్టపరిహారం కోసం కాంట్రాక్టర్‌నే కాదు, డిస్కంను కూడా ప్రతివాదిగా చేర్చాలి. ఊరి పెద్దల సమక్షంలో తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇంత అని తీసుకునే రాజీకి ఒప్పుకునే ముందు, కార్మిక శాఖలో లెక్క ఎంత వస్తుందో కనుక్కోండి.