విశాఖ నాచులో మందు కోసం వెతుకులాట

సముద్రపు నాచు అలల తాకిడికి నిలవాలంటే పట్టు దొరికే రాయి ఉండాలి. ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, ఒండ్రు కావడంతో విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాల రాతి గట్లే దానికి ముఖ్యమైన నెలవులయ్యాయి. ఉల్వా, కాలెర్పా వంటి ఆకుపచ్చ నాచు, సర్గాసమ్, పాడినా వంటి గోధుమ నాచు, గ్రాసిలేరియా వంటి ఎర్ర నాచు అక్కడ పెరుగుతాయి.

నాచుకు, క్రిమిసంహారానికి ఉన్న బంధం పాతదే. 1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కుర్ట్వా నాచు బూడిదలో అయోడిన్‌ను కనుగొన్నాడు. టింక్చర్ అయోడిన్ రూపంలో అది సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలోనూ గాయాల మందైంది. తరువాత అయోడిన్‌ను చిలీ ఖనిజాల నుంచి, భూగర్భ ఉప్పునీటి నుంచి తీయసాగారు. 1880ల్లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచడానికి ఎర్ర నాచు నుంచి తీసే అగార్ వాడుకలోకి వచ్చింది. నాచు సారాన్ని పరీక్షించేదీ ఆ అగార్ పళ్ళెంలోనే. సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడితే దానికి గుణం ఉన్నట్టు లెక్క.

విశాఖలో ఈ అధ్యయనానికి పునాది వేసింది వృక్షశాస్త్రజ్ఞులు. ఆటుపోట్ల నడుమ ఏ నాచు ఎక్కడ, ఏ కాలంలో పెరుగుతుందో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లో వివరించారు. 1970లో విశాఖ జాతుల పట్టికను ప్రచురించారు. రసాయనాల పాళ్ళు రుతువును, చోటును బట్టి మారతాయి కనుక ఇలాంటి వివరాలు లేనిదే పరీక్షల ఫలితాలను పోల్చడం కష్టం. 1991లో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు కాలెర్పా రాసిమోసా నుంచి కాలెర్పిన్ అనే రసాయనాన్ని పోలిన రెండు పదార్థాలను వేరుచేసినట్టు ప్రకటించారు.

సూక్ష్మజీవులు నిండిన నీటిలో కదలకుండా బతికే నాచు, తనపై అవి పేరుకోకుండా రసాయనాలతో కాచుకుంటుంది. గోధుమ నాచులో ఫ్లోరోటానిన్లు, ఎర్ర నాచులో బ్రోమిన్ కలిసిన పదార్థాలు అలాంటివే. ఆస్ట్రేలియా ఎర్ర నాచు డెలీసియాలోని ఫ్యూరనోన్లు బ్యాక్టీరియాను చంపకుండానే, అవి పరస్పరం పంపుకొనే రసాయన సంకేతాలను అడ్డుకుంటాయి.

పళ్ళెంలో పనిచేసినదంతా మందు కాదు. అసలు పదార్థం అతి తక్కువగా లభిస్తుంది. మనిషి కణాలకు హాని చేయదని తేలాలి. శరీరంలో చెడిపోకుండా నిలవాలి. అందుకే నాచు నుంచి వచ్చిన యాంటీబయాటిక్ వైద్యంలో ఇంకా స్థిరపడలేదు. అయితే ఎర్ర నాచులోని క్యారజీనన్‌ను జలుబు వైరస్‌లను అడ్డుకునేందుకు కొన్ని దేశాల్లో ముక్కు స్ప్రేలలో వాడుతున్నారు.