మగ్గం గుంట, రొయ్యల గుంట

నెల్లూరు తీరంలో పిల్లలు పని నేర్చుకోవడం బడికంటే పాతది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టింది ఇక్కడి బట్టల కోసమే. ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్న ఆ స్థావరాన్ని 1640 నాటికి మద్రాసుకు మార్చేసింది. ఉన్నన్నాళ్లూ కంపెనీ బట్ట కొన్నదే గాని నేత నేర్పలేదు. నేర్పింది ఇల్లు.

కోవూరు పక్కనున్న పాటూరు లాంటి నేత ఊళ్లలో ఆ నేర్పుకు ఒక వరస ఉండేది. మొదట రాట్నం మీద కండెలు చుట్టడం. తర్వాత తెగిన పోగును ముడి తెలియకుండా కలపడం. ఆపైన అచ్చు అతకడం: అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి కలుపుకుంటూ పోవాలి. వేల పోగుల్లో ఒకటి తారుమారైనా బట్ట పొడవునా తెలిసిపోతుంది. ఇవన్నీ చేతికి వచ్చాకే కుర్రవాడు మగ్గం గుంటలోకి దిగేది. జీతం లేదు, పరీక్షా లేదు. తప్పును బట్టే చూపిస్తుంది. అలాగని ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కులం గడప దాటని విద్య అది, అందులో అక్షరానికి చోటు లేదు.

అక్షరాన్నీ పనినీ కలపాలన్న ఆలోచన జాతీయోద్యమంతో ఊపందుకుంది. పెన్నా ఒడ్డున పల్లిపాడులో, ఉద్యమ కార్యకర్త పొణకా కనకమ్మ ఇచ్చిన స్థలంలో వెలిసిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. రాట్నం, ఖద్దరు అక్కడి దినచర్య. ఆడపిల్లల కోసం కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఏదో ఒక చేతిపని ద్వారానే పాఠాలన్నీ చెప్పాలని 1937లో వార్ధా విద్యా సమావేశం నిర్ణయించింది. స్వాతంత్ర్యం వచ్చాక చాలా బళ్లలో అది తకిలీగా, వారానికి ఒకటి రెండు క్రాఫ్టు పీరియడ్లుగా చిక్కిపోయింది.

పిల్లల చేత పని చేయించడానికి ఇంకో ముఖం ఉంది: చాకిరీ. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు ఆ ముఖాన్ని నెల్లూరుకు దగ్గరగా నిలబెట్టాయి. 14 ఏళ్లలోపు పిల్లల్ని పెట్టుకోరాదని 1986 బాలకార్మిక చట్టం జాబితా కట్టిన పనుల్లో అభ్రకం కోత, పొరలు తీయడం ఉన్నాయి. బట్టల అద్దకం, నేత కూడా ఉన్నాయి. అప్పట్లో మినహాయింపులు రెండు: సొంత కుటుంబం నడిపే పని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి. పని నేర్చుకోవడానికీ చాకిరీకీ మధ్య చట్టం గీసిన గీత అదే. 2016 సవరణ కుటుంబ సాయాన్ని బడివేళలు ముగిశాక, సెలవుల్లో మాత్రమే ఒప్పుకుంది.

మరోవైపు 1961 అప్రెంటిస్ చట్టం 14 నిండినవాళ్లకు ఫ్యాక్టరీల్లో శిక్షణకు దారి తెరిచింది. 1986లోనే దాన్ని సవరించి ఇంటర్ వొకేషనల్ చదివినవాళ్లనూ చేర్చారు. వాళ్ల కనీస స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది. ఆ వొకేషనల్ కోర్సుల్లో ఈ తీరానికి బాగా అతికింది ఫిషరీస్. 1990ల మొదట్లో ఇక్కడి పొలాలు రొయ్యల గుంటలయ్యాయి, తెల్లమచ్చ తెగులుతో దెబ్బతిన్నాయి, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ నిండాయి. వొకేషనల్ కోర్సులో భాగమైన ఆన్ ద జాబ్ ట్రైనింగ్‌లో విద్యార్థి చూడాల్సిన వస్తువుల్లో చెక్‌ట్రే ఒకటి. మేత చల్లేటప్పుడు ఆ వల పళ్లెంలోనూ కొంత వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటల తర్వాత పైకి లాగితే మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా, పెంకు రంగు మారిందా తెలుస్తుంది. తర్వాతి పూట మేత ఎంతో దాన్నిబట్టే తేలుస్తారు. పుస్తకంలో ఇది ఒక పేరా. గుంట గట్టు మీద, రోజూ ఆ పళ్లెం లాగే మనిషి పక్కన నిలబడితేనే కంటికి పట్టుబడుతుంది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమంది. పాటూరు లెక్కన పది రోజులు కండెలు చుట్టడానికే సరి.