నల్లరాతి ద్వీపము

బోథు, ఉట్నూరు ప్రాంతముల నల్లరేగడిలో పత్తి పండించు మనవారికి మారిషస్ చరిత్రమును చెప్పవలసివచ్చినచో నేను డచ్చివారితోగాని ఫ్రెంచివారితోగాని ప్రారంభింపను. ఏలయన, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై పొరలుపొరలుగా పరచుకొని కాలక్రమమున మన రేగడికి మూలమైన లావాయు, దాదాపు 80 లక్షల సంవత్సరములకు పూర్వము హిందూమహాసముద్రమున ఈ ద్వీపమును పైకెత్తిన లావాయు భూగర్భమందలి ఒకే అగ్నిస్థానమునుండి వెలువడినవని భూశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన భూఫలకము ఉత్తరమునకు జరిగిపోయినది. ఆ యగ్ని నేడు పొరుగున రియూనియన్ ద్వీపమున మండుచున్నది.

నేనున్న ఈ మారిషస్‌లో మాత్రము అది చల్లారినది. మెట్టసీమయందలి క్యూర్పిప్ పట్టణమున ట్రూ ఒ సెర్ఫ్ అను అగ్నిబిలపుటంచున నిలిచి చూచితిమేని, 80 మీటర్లకు పైగా దిగిన లోయగోడలు చెట్లతో కప్పబడి, అడుగున బురదమడుగు కానవచ్చును. దక్షిణమున మరియొక బిలమే గ్రాన్ బసాన్ సరస్సు. 1898 మొదలు శివరాత్రియాత్రకు నెలవైన ఆ సరస్సులో 1972లో గంగాజలము కలిపి గంగాతలావ్ అనిరి. నేడు లక్షలాది జనులు, తెలుగువారును అందులో ఉండగా, కాలినడకన అచ్చటికి చేరుదురు.

ఇక మనుష్యుల సంగతి. 1598లో వచ్చిన డచ్చివారు 1710లో ఈ ద్వీపమును విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు దీనిని పట్టుకొనిరి. 1835లో బానిసత్వము రద్దుకాగా, చెరకుతోటలకు భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను రప్పించిరి. కోరంగి రేవున ఓడయెక్కిన మన తెలుగువారు ఆ వరుసలోనివారే. నావలె చదువు చేతబట్టుకొని వచ్చినవారు కారు.

చెరకు నాటుటకు ముందు వారు రాళ్లేరవలసివచ్చినది. లావా గడ్డకట్టునప్పుడు ఆవిరులు నిలిచిన బెజ్జములతో, అరచేతిని గీరు గరుకుతనముతో నుండు ఆ నల్లరాళ్లను చేతులతో పెకలించి, నెత్తిన మోసి, సున్నము లేకయే అంచులు కుదిర్చి, చేలనడుమ మనిషియెత్తునకు మించిన కుప్పలుగా పేర్చిరి. తరువాతి కాలమున యజమానులు తమ భూములను ముక్కలుచేసి అమ్మగా, వాటిలో అనేకములను కొన్నవారు ఆ కూలీల సంతతివారే. గవర్నర్ల పేర్లకంటె ఈ కుప్పలే ఇచ్చటి చరిత్రమునకు గట్టి సాక్ష్యములని నా నిశ్చయము.

యంత్రములతో సాగుచేయుటకై వాటిని ఇప్పుడు పలుచోట్ల తొలగించుచున్నారు. తోటకొక్క కుప్పనైన నిలిపి, మోకా అను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరచిన వలసపట్టీలలో ఆ తోటకు వచ్చిన కూలీల పేర్లను వెదకి, అచ్చటనే రాతిపై చెక్కింపవలెనని ఇచ్చటి తెలుగువారిని నేను కోరుచున్నాను.