ముఖానికి మూడు పాళ్లు

తోట్లవల్లూరు కరకట్ట పక్క పల్లెల పిల్లలకు డ్రాయింగు నేర్పుతుంటాను. ముఖం గీయమంటే దాదాపు ప్రతి పిల్లవాడూ కళ్లను నుదుటి మీదికి ఎక్కిస్తాడు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు ఉండేది సుమారు సగంలో. కొలిచి చూసే ఆ అలవాటు చేయించడానికి తాళమానాన్ని మించిన సాధనం నాకు దొరకలేదు.

మన శిల్పశాస్త్రాల్లో మణికట్టు నుంచి నడివేలి కొస వరకు ఒక తాళం. ముఖమూ ఒక తాళమే. మణికట్టును గడ్డం కింద ఆనించి అరచెయ్యి ముఖం మీద పరచండి, నడివేలి కొస జుట్టు మొదలయ్యే చోటికి చేరుతుంది. ఆ తాళాన్ని 12 అంగుళాలు చేసి నుదుటికి 4, ముక్కుకు 4, ముక్కు కింది నుంచి గడ్డం దాకా 4 పంచారు. ఈ అంగుళం ఆ బొమ్మ ముఖంలో పన్నెండో వంతు. బొమ్మ పెరిగితే అదీ పెరుగుతుంది. అందుకే గోరంత బొమ్మకూ గోపురం మీది బొమ్మకూ ఒకటే లెక్క. నవతాళంలో నిలువెత్తు మనిషి 9 ముఖాలు, అంటే 108 అంగుళాలు. రెండు వేల ఏళ్ల కిందట రోములో విట్రూవియస్ కూడా ముఖాన్ని ఇలాగే మూడు సమపాళ్లు చేశాడు. నిలువెత్తును మాత్రం 10 ముఖాలుగా కట్టాడు.

ఈ లెక్క ఎరిగిన బాణీ మా వైపుకు బందరు మీదుగా వచ్చింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు 1910లో నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో, 1920లలో ప్రమోదకుమార చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులు. తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ బెంగాలు బాణీకి పెద్దదిక్కు అవనీంద్రనాథ్ ఠాగూరు. ఆయన 1914లోనే ఈ తాళాలను బొమ్మలతో వివరిస్తూ చిన్న పుస్తకం వేశారు. పూజామూర్తికి కొలత తప్పకూడదు, మిగతా చోట్ల చిత్రకారుడికి స్వేచ్ఛ ఉందని అందులో తేల్చారు.

ఆ కాలంలోనే రాజమండ్రిలో దామెర్ల రామారావు, బొంబాయి జె.జె. స్కూలులో చదివొచ్చి, మనుషుల్ని చూసి గీశారు. 27 ఏళ్లకే, 1925లో పోయారు. ఎంత నష్టం! రాజమండ్రిది చూపు, బందరుది ఊహ అని విడదీస్తే నేను ఒప్పుకోను. బందరు బాణీలోని సాగిన కళ్లు, సన్నని వేళ్లు కొలత తెలియక గీసినవి కావు, తెలిసే దాటినవి.

ఈ పన్నెండు అంగుళాల పంపకం నేర్పడానికి ఒక్క పీరియడ్ చాలు. పరీక్షలు దగ్గరపడ్డాయని డ్రాయింగు పీరియడును లెక్కలకు ఇచ్చేయవద్దని హెడ్మాస్టర్లకు నా మనవి. అదీ లెక్కే.