బీచ్ వాలీబాల్‌లో బ్లాకింగ్

ప్రత్యర్థి స్మాష్‌ను నెట్ దగ్గరే చేతులతో అడ్డుకోవడం బ్లాకింగ్. జట్టుకు ఇద్దరే, కాచాల్సింది 8 మీటర్ల చదరం. ఒకరు నెట్ దగ్గర ఎగిరితే, వెనక మిగిలిన చోటంతా రెండోవారిదే.

సర్వీస్‌కు ముందే బ్లాకర్ వీపు వెనక సైగ చేస్తాడు. ఒక వేలు చూపితే లైన్‌ను (పక్క గీత వెంబడి వచ్చే స్మాష్‌ను), రెండు వేళ్లయితే క్రాస్‌ను (ఐమూలగా వచ్చేదాన్ని) మూస్తాడు. పిడికిలి బిగిస్తే బ్లాక్ లేనట్టే. ఎడమచేతి సైగ ఎదుటి జట్టులో ఎడమవైపు స్మాషర్‌ కోసం, కుడిచేతిది రెండో ఆటగాడి కోసం.

సముద్రం లేని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆటగాళ్లకు ఆరుగురి వాలీబాలే అలవాటు. అందులో బ్లాక్‌కు తగిలాక కూడా మూడు టచ్‌లుంటాయి. ఇసుకలో బ్లాకే మొదటి టచ్, మిగిలేవి రెండే.

పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలది 2.24. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన టాడ్ రోజర్స్ వెనక కాస్తుంటే, ఆరడుగుల తొమ్మిదంగుళాల ఫిల్ డాల్‌హౌసర్ బ్లాకర్‌గా నిలిచి స్వర్ణం గెలిచాడు.