చెప్పుడు మాటలు విన్న ఇంజను

మనిషి జబ్బు పనిలో ఉన్నంతసేపూ బయటపడదు. తీరిగ్గా కూర్చున్నాకే మూలుగు మొదలవుతుంది. కారు ఇంజనూ అంతే సుమండీ! రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు బుద్ధిగానే ఉంటుంది. రైల్వే గేటు దగ్గర బండి ఆపి, ఇంజను మాత్రం ఆడనిచ్చామా, దాని ఒంట్లో సంగతి అప్పుడు తెలుస్తుంది. అద్దాలు గడగడలాడతాయి. సీటు కింద చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు! "మిస్సింగ్ కొడుతోంది" అంటారు మిస్త్రీలు. ఈ వణుక్కీ ఒక చరిత్ర ఉందంటే నవ్వుతారేమో. ఉంది మరి!

మా చిన్నతనంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ పాలమూరు జిల్లాలోవే. 2016లో కదా మూడూ మూడు జిల్లాల కింద వేరుపడ్డాయి. అప్పట్లో కారంటే మాకు అంబాసిడరే. అందులో పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటరుది. దాని గుట్టు తెలియాలంటే దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపును గుర్తు తెచ్చుకోండి. జోరుగా పోయే గాలి డబ్బాలోని మందును తుంపరగా లాక్కుపోతుంది చూశారూ, అదే కిటుకు. 1893లో హంగరీ దేశపు ఇంజనీర్లు బాంకీ, చోంకా అనేవారు ఇలాంటి సాధనానికి పేటెంటు తీసుకున్నారు. పూలమ్మే అమ్మాయి పూల మీద నీళ్లు చిలకరిస్తుంటే చూసి వాళ్లకీ ఊహ తట్టిందని ఓ కథ చెబుతారు. కథ అయితేనేం, వినడానికి ముచ్చటగా ఉంది!

ఆ కాలంలో బండి వణికితే మిస్త్రీ బానెట్ ఎత్తి రెండు మరలు అటూ ఇటూ తిప్పేవాడు. ఒకటి ఇంజను వేగానికి, ఒకటి పెట్రోలు పాలుకి. పేచ్‌కస్ కొస ఇంజనుకీ, పిడి తన చెవికీ ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని వినేవాడు. చప్పుడు నున్నగా వచ్చిందా, బీడీ వెలిగించేవాడు. వనపర్తిలో 1959లో పాలిటెక్నిక్ వచ్చింది. అదీ ఎక్కడనుకున్నారు? సంస్థానం రాజుగారి ప్రాసాదంలో! రాజులు తిరిగిన ఇంట్లో మామూలు ఇళ్ల పిల్లలు యంత్రాల చదువు చదువుకున్నారు.

ఇంతలో లోకం మారింది. కార్ల పొగతో పట్టణాలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. చెవితో చేసే సర్దుబాటు చాలదు, గాలి పద్నాలుగున్నర పాళ్లకి పెట్రోలు ఒక పాలు అన్న లెక్క క్షణక్షణం తప్పకూడదన్నారు. 1967లో జర్మనీ వారి ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే ఏర్పాటు పెట్టింది. 1976లో పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సరు తెచ్చింది. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కి ఇంకా కార్బురేటరే. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు పొగ నిబంధనలు బిగించాక, ఆ మరల మిస్త్రీల రాజ్యం చల్లగా ముగిసింది.

ఇప్పుడు ఇంజనును ఏలేది ఒక చిన్న కంప్యూటరు పెట్టె. దానికి కళ్లూ లేవు, చెవులూ లేవు. గాలి ఎంత వస్తోంది, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, పొగ ఎలా ఉంది అని సెన్సర్లు చెబితే వింటుంది. అవి ఏం చెబితే అది నమ్ముతుంది. చెప్పుడు మాటలు వినే సంసారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

ఆమధ్య పెళ్లి చీరల కోసం నాగర్‌కర్నూలు నుంచి గద్వాలకి కారులో బయల్దేరాం. బిజినేపల్లి దాటేసరికి, ఎక్కడ ఆగితే అక్కడ బండి వణకడం మొదలెట్టింది. దారిలో ఒక షెడ్డులో చూపిస్తే, "ఇంజను విప్పాల్సిందే" అని మా వారితో పెద్ద అంకె చెప్పారు. నేనేదో అనబోతే వినిపించుకోలేదు. చీరల డబ్బంతా అక్కడే పోసేలా ఉన్నాం. "వనపర్తిలో ఇంకొకరికి చూపిద్దాం" అని పట్టుబట్టాను.

అక్కడి మిస్త్రీ నడివయసు మనిషి, ఆ పాలిటెక్నిక్‌లో చదివినవాడే. "ఎప్పుడు వణుకుతది?" అని నన్నే అడిగాడు. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది. వేడెక్కాకే ఈ గోల. పెట్రోలు వాసన కూడా వస్తోంది" అన్నాను.

"అమ్మా, మీరు జెప్పిందే అసలు ముచ్చట! తప్పు ఇంజనుది గాదు, దానికి సంగతి జెప్పేటోడిది" అన్నాడు.

స్కానర్ తగిలించాడు. ఇంజను చెయ్యి పెట్టలేనంత కాగిపోతుంటే, తెర మీద 22 డిగ్రీలని చూపిస్తోంది! నీళ్ల వేడి చెప్పే సెన్సరు అబద్ధమాడుతోందన్నమాట. ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. అంచేతే ఆ వాసన, ఆ వణుకు. ప్లగ్గు విప్పి చూపిస్తే మసితో నల్లగా ఉంది.

ముందు వైరు కలిసేచోట శుభ్రం చేశాడు. గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకీ కలిసే అతుకును మనం వేలితో తడిమి చూడమూ, అలా చూశాడు. అతుకు బాగానే ఉంది. ఇంజను చల్లారేదాకా ఆగి సెన్సరు ఊడదీశాడు. పక్క హోటలు నుంచి గిన్నెడు వేడినీళ్లు తెప్పించి అందులో ముంచి మీటరు పెట్టాడు. చన్నీళ్లలో రెండు మూడు వేల ఓములున్న నిరోధం కాగే నీళ్లలో రెండు మూడు వందలకు దిగాలట. ఇది కదిలితే ఒట్టు! కొత్తది బిగించాక ముల్లు 800 దగ్గర కుదురుగా నిలబడింది. షెడ్డువాళ్లు చెప్పిన అంకెలో ఇది ఏ మూలకి!

2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలతో మోటారుసైకిళ్లకీ ఈ సెన్సర్లు వచ్చేశాయి. పేచ్‌కస్ చెవికి ఆనించుకునే రోజులు పోయాయని దిగులు పడేవాళ్లున్నారు. నాకేమో చెవి అవసరం పోలేదనిపిస్తుంది. ఇంజను చప్పుడు వినే చెవి కాస్తా, బండిలో కూర్చునే మనిషి మాట వినే చెవి కావాలి. స్కానర్ చూపించిన పేరు నేరస్థుడిది కాదు, సాక్షిది. సాక్షిని విచారించకుండా శిక్ష వేస్తే నష్టం మన పర్సుకే.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్లూ! బండి ఎప్పుడు వణికింది, చల్లగానా వేడిగానా, ఏం వాసన వచ్చింది అన్నవి గుర్తుపెట్టుకోండి. అడక్కపోయినా చెప్పండి. విప్పేముందు గిన్నెడు వేడినీళ్లు అడిగే మిస్త్రీ దొరికాడా, పాలవాడి లెక్క పక్కనే అతని నంబరు కూడా రాసి పెట్టుకోండి.